ఉలి పెట్టకముందు రాసిన మాట

ఉదయగిరి,
ఈశ్వర నామ సంవత్సరం, చైత్ర బహుళ విదియ (1877)

ఆత్మకూరులో ఉన్న మా బావమరిది పెంచలాచారికి మాల్యాద్రి దీవించి రాసేది.

మేం బతికే ఉన్నాం. ఈ ఏడు ఇంతకంటే పెద్ద క్షేమ సమాచారం ఎవరూ రాయలేరు కాబట్టి దీనితో తృప్తిపడు. ధాత సంవత్సరం పోయి ఈశ్వర వచ్చింది గానీ ఆ సంగతి కరువుకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెక్క గరిటెలు చేసేవాడికి ఇప్పుడు గిరాకీ ఎక్కడిది? గంజి లేని ఇంట్లో గరిటె దేనికి? పోయిన నెల ఒక తెడ్డు అమ్ముడుపోతే బదులుగా అర గుమ్మడికాయ ఇచ్చారు. మీ అక్క కామమ్మ దాన్ని వారమంతా సాగదీసి వండింది. “నీ పనితనానికి ఇన్నాళ్ళకి తగిన కూలి దొరికినాది” అని నన్ను ఎత్తిపొడిచింది కూడా. ఇంత ఆకలిలోనూ దాని నోరు ఎండలేదు. నువ్వు దిగులు పెట్టుకోనక్కరలేదు.

ఇక అసలు పని. ఈ ఉత్తరంతో పాటు బండి శీనయ్య చేతికి ఒక గుడ్డ మూట ఇచ్చాను. అందులో పాత వెండి నాణెం ఒకటి ఉంది. అది నాది కాదు, అల్లాబకాష్ తాతది. మా పెళ్ళి పందిట్లో కూర్చుని పిల్లలందరికీ చెక్క బొంగరాలు చేసిచ్చిన ముసలాయన నీకు గుర్తుండే ఉంటాడు. నాకు గరిటె చెక్కడం నేర్పింది ఆయనే. నేను పుట్టుకతో వడ్రంగినే గానీ, గరిటె గుంటను పగులు రాకుండా తవ్వడం ఆయన దగ్గరే వచ్చింది. పోయిన ఏడు ఆయన కొడుకు వాంతిభేదితో పోయాడు. ఇప్పుడు ఆయనా, కోడలు చాంద్బీ, ఇద్దరే. ఆయనకు చూపు బాగా మందగించింది, ఉలి పట్టలేడు. ఇంట్లో అమ్మడానికి మిగిలింది ఈ నాణెం ఒక్కటే. కొండమీది కోట నవాబుల చేతిలో ఉన్నప్పుడు వాళ్ళ తాత అక్కడ కావలి కాసేవాడట. జీతం కింద ముట్టిన నాణెమట. ఆర్కాటు రూపాయి కంటే పాతది, మందం కూడా ఎక్కువ. రెండు వైపులా ఫారసీ అక్షరాలు.

ఇక్కడి శెట్టి దగ్గర జొన్నలున్నాయి. ఆయన నాణెం చూసి కల్తీ వెండిలా ఉందన్నాడు. కాదని తాత అన్నాడు. కాసేపు వాదులాడుకున్నాక శెట్టే ఒక దారి చెప్పాడు. “ఆత్మకూరులో మీ బావమరిది సరాబు గదా. నాణెం చూడ్డంలో ఆయన మాట నేను నమ్ముతా. మంచిదని రాసిస్తే వానలు పడేదాకా ఇద్దురికీ సరిపడా జొన్నలు కొలిచిస్తా. కాదని రాస్తే మళ్ళీ నా అంగడి మెట్లు ఎక్కబాకండి” అన్నాడు.

జొన్నలు దొరక్కపోతే వాళ్ళకు మిగిలేది సముద్రపు వార దొరలు తవ్విస్తున్న కాలువ పని. చూపు లేని ముసలివాడు అంత దూరం నడిచి మట్టి తట్టలు మోయగలడా? అందుకని శ్రద్ధగా చూడు. మేలు రకమా, నడిమి రకమా, ఎంతకు చెల్లుతుంది, అన్నీ విడమరిచి రాయి. నీ కంటికి ఇంపుగా ఉండాలని కాస్త శుభ్రం చేసి పంపుతున్నాను.

మీ అక్క రాయమన్నది: మరదలు నాగులమ్మకు ఎన్నో నెల? పులుపు మీదికి మనసు పోతే మాత్రం ఇక్కడి నుంచి చింతపండు రాదు. ఇంట్లో ఉన్న ఆ కాస్తా నాణెం తోమడానికి నేను పాడుచేశానట. నా మీద చాడీ నా చేతనే రాయించింది చూడు.

నీ మంచి కోరే
మాల్యాద్రి


ఆత్మకూరు,
చైత్ర బహుళ ఏకాదశి

బావగారి సముఖానికి పెంచలాచారి నమస్కారాలు. అక్క పాదాలకు దండాలు.

నాగులమ్మకు ఆరో నెల. ఇక్కడి చెరువు నెర్రెలు విచ్చింది. నడి చెరువులో చెలమలు తీసుకుని చెంబులతో తోడుకుంటున్నారు. తనే వెళ్ళి తెస్తానంటుంది, వద్దంటే వినదు. అక్క ఒక్క ముక్క గట్టిగా రాయిస్తే వింటుందేమో.

మా సావుకారు అంగడి వాకిలి తలుపు తీయకముందే నిండిపోతోంది. కడియాలు, మొలతాళ్ళు, మెట్టెలు, పసిబిడ్డల మురుగులు తెస్తున్నారు. నేను ఒక్కొక్కటీ చేతికి తీసుకుని, అంచు చూసి, రాతి మీద మోగించి, ఇది ఈ రకం, అది ఆ రకం అని చెబుతూ పోవాలి. నా మాట మీద సావుకారు తూకం వేసి జొన్నలు కొలుస్తాడు. అప్పటికప్పుడు మెట్టెలు తీసి ఇచ్చే ఆడవాళ్ళ కాళ్ళ వైపు చూడకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. మొన్న ఒక దొంగ నాణెం నా చేతి మీదుగా దాటిపోయింది. సావుకారు అందరి ముందూ “కళ్ళు ఇంట్లో పెట్టొచ్చి ఈడ కూర్చోబాక. ఇంకొకటి దాటితే వేరేవోణ్ణి పెట్టుకుంటా” అన్నాడు. నాగులమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

తాత నాణెం చూశాను. రాయడానికి కష్టంగా ఉంది బావా, అది మంచిది కాదు. అంత పాత నాణెమైతే అక్షరాల సందుల్లో నలుపు పట్టి ఉండాలి, చేతుల జిడ్డు దిగి ఉండాలి. ఇది నిన్న పోతపోసినట్టు మెరుస్తోంది. అంచున ఒకచోట ఆకురాయితో రాచిన గీతలున్నాయి. ఆ గీతల్లో పసుపుపచ్చ మచ్చ కనబడుతోంది. లోపల ఇత్తడి పెట్టి పైన వెండి పూసిన వాళ్ళు అంచును అలాగే సర్దుతారు. అయినా తాత ముఖం గుర్తొచ్చి మళ్ళీ మళ్ళీ రాతి మీద వేసి చూశాను. మంచి వెండి ఖంగుమంటుంది. ఇది పెంకు ముక్క పడ్డట్టు టప్పుమంది. కాబట్టి ఇది చెల్లదు. శెట్టికి ఈ ఉత్తరమే చూపించండి.

మా పనిలో ఆచారం మీకు తెలుసు. చెల్లదన్న నాణేన్ని సరాబు ఉలితో రెండుగా నరికే తిరిగి ఇవ్వాలి, లేకపోతే అది ఇంకొకరి కొంప ముంచుతుంది. కానీ శీనయ్య బండి కట్టేశాడు, బయట జనం కేకలు వేస్తున్నారు, ఇప్పుడు ఉలి వెతికే తీరిక లేదు. ముందు ఈ కబురు పంపుతున్నాను, ముక్కలు తర్వాత పంపుతాను. తాతను ఏమీ అనకండి. ఆయన తాతనే ఎవరో మోసం చేసి ఉంటారు.

మీ
పెంచలాచారి


ఉదయగిరి,
వైశాఖ శుద్ధ చవితి

పెంచలాచారికి మాల్యాద్రి రాసేది.

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే శెట్టి అంగట్లో చదివాను. అక్కడ పదిమంది ఉంటారని ముందే ఆలోచించి ఉండాల్సింది. చదవడం అయ్యాక శెట్టి నవ్వలేదు, తిట్టలేదు. “కోట కావలోడు నవాబుకి కావలి కాసినాడా, దొంగ నాణేలకి కాసినాడా” అని మాత్రం అన్నాడు. నవ్విన వాళ్ళు వేరేవాళ్ళు. తాత ఒక మూల నిలబడి ఉన్నాడు. చూపు సరిగా లేనివాడికి ఎవరు నవ్వుతున్నారో తెలియదు గదా, నవ్వు వచ్చిన వైపల్లా ముఖం తిప్పుతూ ఉన్నాడు.

నాకు తలకొట్టేసినట్టయింది. ఊళ్ళో వాళ్ళ ముందు కంటే నీ ముందు ఎక్కువ. దారిలో తాతతో అనకూడని మాటలు అన్నాను. “ఇట్టాంటిది నా చేతికి ఎందుకు అంటగట్టినావు తాతా? మా బావమరిది నన్నేమనుకుంటాడు?” అన్నాను. “నాకు తెలీదు నాయనా. మా అమ్మ మెళ్ళో ఉన్నింది. ఆమెకీ తెలీదు” అన్నాడు. తెలియకుండా ఎలా ఉంటుందని రెట్టించాను.

మర్నాడు తెల్లవారి వచ్చి మా అరుగు దగ్గర నిలబడ్డాడు. నేను చెక్క తొలుస్తున్నట్టు తల దించుకుని ఉండిపోయాను. మీ అక్క చేటలో కాస్త జొన్నపిండి తెచ్చింది. “దొంగ రూపాయి తెచ్చినోడికి పిండి పెడతావా తల్లీ. వద్దు. మీకు గూడా జరగాల గదా” అని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే కోడలి భుజం పట్టుకుని కాలువ పనికి బయలుదేరాడట. కలిగిరి వైపు నుంచి వచ్చిన కూలీ జనంతో కలిశారట.

మోసపోయింది నేను. అయినా తప్పు చేసినవాడిలా అన్నం సహించడం లేదు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కావడం లేదు. ముక్కలు పంపనక్కరలేదు, ఇక్కడ తీసుకునేవాళ్ళు లేరు.

చెలమకు వెళ్ళొద్దని నాగులమ్మకు గట్టిగా చెప్పమని మీ అక్క మాట.

మాల్యాద్రి


ఆత్మకూరు,
వైశాఖ శుద్ధ దశమి

బావగారికి నమస్కారాలు.

ఎక్కువ రాయలేను. తాతను వెంటనే వెనక్కి రప్పించండి. ఏ దారిన వెళ్ళాడు, ఎవరెవరితో వెళ్ళాడు, ఏ మేస్త్రీ కింద చేరతానన్నాడు, తెలిసినదంతా రాయండి. ఇంకొకటి, నిజం చెప్పండి. ఆ నాణేన్ని తోమింది ఎవరు? అంచున ఆకురాయి పెట్టింది ఎవరు? తాతా, మీరా, మధ్యలో ఇంకెవరైనా ముట్టుకున్నారా? ఇది తేలేదాకా నాకు నిద్ర లేదు. కారణం ఇప్పుడు అడగకండి.

పెంచలాచారి


ఉదయగిరి,
వైశాఖ బహుళ పాడ్యమి

పెంచలాచారికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బావమరిది రాసినట్టు లేదు, ఠాణాలో జవాను అడిగినట్టు ఉంది. ఎవరు తోమారు, ఎవరు రాచారు, ఏ దారిన పోయాడు. అర్థమైంది. దొంగ నాణెం తెచ్చినవాణ్ణి పట్టించి మీ సావుకారు దగ్గర పోయిన పేరు తిరిగి తెచ్చుకుందామనుకున్నావు. నీకు అక్కడ మాట పడిందని నువ్వే రాశావు గదా. తాత ఏ దారిన వెళ్ళాడో నాకు తెలుసు. చెప్పను. అన్నం పెట్టలేదు, ఎగతాళి చేయించాను, ఇక ఠాణాకు కూడా ఎక్కించమంటావా?

ఆకురాయి పెట్టింది నేను. కేసు పెడితే నా మీద పెట్టు.

దాచడానికి ఏమీ లేదు, విను. వాళ్ళ అమ్మ మెళ్ళో వేసుకోవడానికి ఆ నాణేనికి చిన్న వెండి ఉంగరం అతికించి ఉండేది. నాలుగేళ్ళ కిందట పెంచలకోన తిరునాళ్ళలో మనం పక్కపక్కన కూర్చున్నప్పుడు నువ్వేమన్నావు? “ఉంగరం అతికించినాక అది నాణెం కాదు బావా, నగ కింద లెక్క. రేటు పడిపోతాది” అన్నావు. నువ్వు అన్న మాటే నేను మనసులో పెట్టుకున్నాను. తాతకు నాలుగు గింజలు ఎక్కువ రావాలని ఉంగరాన్ని కోసేసి, అతుకు ఉన్నచోట నున్నగా రాచి, బూడిదా చింతపండూ వేసి తోమాను. తాతకు చెప్పలేదు. చెబితే వాళ్ళమ్మ నాణేనికి పెట్టించుకున్న ఉంగరం తీయొద్దంటాడని. నీకూ రాయలేదు. రాస్తే రేటు తగ్గిస్తావని. పైపని శుభ్రంగా చేశానని ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అయితే ఏం? నేను తోమినంత మాత్రాన వెండి ఇత్తడి అవదు గదా. తాతను వదిలెయ్.

ఈసారి మీ అక్క ఏమీ రాయమనలేదు.

మాల్యాద్రి


ఆత్మకూరు,
వైశాఖ బహుళ అష్టమి

బావా,

కేసూ లేదు, ఠాణా లేదు. ఆ నాణెం మంచిది.

మీకు కబురు పంపిన మర్నాడు ఆచారం ప్రకారం నరకడానికి కూర్చున్నాను. ఉలి సగం దిగేసరికి నా చెయ్యి ఆగిపోయింది. లోపల పచ్చ రంగు రావాలి గదా, రాలేదు. తెలుపు. రెండు ముక్కలూ విరిచి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తెలుపే. గీటురాయి మీద గీశాను, పక్కనే రాణి రూపాయిని గీశాను. తాతదే మేలు. మేలు రకమే కాదు, ఇంత మంచి వెండి ఈ కరువులో నా చేతికి రానే లేదు. చెల్లుతుందని రాసి ఉంటే శెట్టి కళ్ళు మూసుకుని వానలదాకా జొన్నలు కొలిచేవాడు.

మీరు ఉంగరం కోసిన చోట అతుకు పెట్టిన టంకం కొంచెం మిగిలింది. టంకంలో ఇత్తడి కలుస్తుంది. నేను చూసిన పచ్చ మచ్చ అదే. ఎప్పుడో ఉంగరం అతికేటప్పుడు సెగ తగిలి లోపల వెంట్రుకంత పగులు పడింది, అందుకే మోగలేదు. మీరు తోమడం వల్ల పాతదనం పోయింది. ఇవన్నీ రాసి, చూశారా బావా, తప్పు మీది అనాలని ఉంది. పోయిన ఉత్తరంలో ఎవరు తోమారని అంత గట్టిగా అడిగింది అందుకే. మీరు చేశారని తేలితే నా మీద నుంచి కాస్త దిగుతుందని ఆశ. తేలింది. ఏమీ దిగలేదు.

ఉంగరం తీసిన నాణేలు నేను చూడనివి కావు. అంచున రాచి ఉంటే ముందు టంకమేమోనని అనుమానించాలి, అది మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. గీటురాయి నా మోకాలి పక్కనే ఉంది. ఒక్క గీత గీస్తే తెలిసిపోయేది. గీయలేదు. ఎందుకో నాకు తెలుసు. చెల్లుతుందని చెప్పి తప్పితే నా పని పోతుంది. చెల్లదని చెప్పి తప్పితే నన్ను అడిగేవాడు లేడు. ఆ వారమంతా కాస్త అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ చెల్లదనే అన్నాను బావా. తాతది ఒక్కటే నరికి చూశాను. మిగతావాళ్ళు తమ వస్తువులు తీసుకుని ఎటు వెళ్ళారో నాకు తెలియదు.

నరికిన రోజే మీకు రాయాల్సింది. రేపు రాద్దామని ఊరుకున్నాను. అప్పటికే ఉత్తరం మీకు చేరి ఉంటుంది, చదివేసి ఉంటారు, ఇప్పుడు తొందరపడి ఏం లాభమని సర్దిచెప్పుకున్నాను. ఆ రేపుల్లోనే తాత ఊరు దాటిపోయాడు.

ముక్కలు సావుకారు ముందు పెట్టి జరిగింది చెప్పాను. “నరికినాక నాణెం యాడిది, పాత వెండి. తూకానికి ఎంతొస్తే అంత” అన్నాడు. తాతను వెతకడానికి సెలవు అడిగితే ఇవ్వనన్నాడు. గల్లాపెట్టె తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను. నాగులమ్మ వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళి ఉంటానంది, నాకు దారిలోకి పేలపిండి మూట కట్టింది. ఇప్పుడైనా దారి చెప్పండి బావా.

పెంచలాచారి


ఉదయగిరి,
వైశాఖ బహుళ ద్వాదశి

నాయనా పెంచలాచారీ,

కలిగిరి జనంతో కలిసి సంగం దగ్గర పెన్న దాటి నెల్లూరు వెళ్ళారు. అక్కడి నుంచి సముద్రపు వారకు. ఏ మేస్త్రీ కిందో తెలియదు. చాంద్బీ పొడుగ్గా ఉంటుంది, ఎడమ చెంప మీద చిన్నప్పటి కాలిన మచ్చ ఉంటుంది. తాతను గుర్తుపట్టడం తేలిక. ఏ చెక్క చేతికిచ్చినా వాసన చూసి అది ఏ చెట్టుదో చెబుతాడు. ఆ జనంలో ఇలాంటి ముసలాయన ఎవరని అడుగు.

నేనే రావాలి. చెక్క చెక్కుతుంటే బాడిస జారి కాలి మడమ మీద పడింది, గాయం చీము పట్టింది. చెయ్యి ఎప్పుడూ తప్పని వాణ్ణి, నీ ఉత్తరం చదివిన పూట తప్పింది.

కుంటుకుంటూనే శెట్టి అంగడికి వెళ్ళి నువ్వు రాసింది గట్టిగా చదివాను. ఆ రోజు నవ్విన వాళ్ళలో ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు పనులకు వెళ్ళిపోయారు, ఒకడు చనిపోయాడు. శెట్టి విని “ఇప్పుడు చదివి ఏం చేస్తావబ్బా. ఆపొద్దు చదివింది గూడా నువ్వే గదా” అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నీ మాటను నేను నమ్మాను సరే, నాకు పని నేర్పిన మనిషిని నమ్మకపోవడానికి ఆ ఉత్తరం తర్వాత ఎంతసేపు పట్టింది? చదివి అంగడి మెట్లు దిగేలోపే ఆయన నాకు పరాయివాడైపోయాడు. ఆ సంగతి నువ్వు రాయలేదు, నేను చేశాను.

మీ అక్క నాతో మాట్లాడడం మానేసింది. గిన్నె నా ముందు పెట్టి అవతలికి వెళ్ళిపోతుంది. ఎత్తిపొడుపులు ఆగేదాకా ఇల్లు ఇంత పెద్దదని నాకు తెలియలేదు.

దొరికితే, మాల్యాద్రి నీ కాళ్ళ మీద పడతాడని చెప్పు. నన్ను తిట్టమను. కొట్టడానికి వస్తే ఇంకా మంచిది. వెనక్కి తీసుకురా, మా ఇంట్లోనే ఉంటారు. ఉన్నదే తిందాం.

నీ బావ
మాల్యాద్రి


సముద్రపు వార, కాలువ దగ్గర,
ఆషాఢ శుద్ధ విదియ

బావగారికి, అక్కకు, పెంచలాచారి నమస్కారాలు.

ముందే రాస్తున్నాను, చదువుతూ ఆశ పెట్టుకోకండి. అల్లాబకాష్ తాత ఇక లేడు. నిన్న పొద్దున పోయాడు. ఇక్కడి సాయిబులతో పాటు నేనూ మట్టి వేశాను. చాంద్బీ బాగానే ఉంది. రావాల్సిన కూలి రాగానే నాతో బయలుదేరుతుంది. వెండి ముక్కలు ఆమె కొంగున ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఆమే చెబుతుంది, మనం చెప్పకూడదు.

వాళ్ళను వెతకడానికి ఇన్నాళ్ళు పట్టింది. కాలువ పొడవునా గుంపులు గుంపులుగా వేల మంది ఉన్నారు. ప్రతి గుంపు దగ్గరా మీరు చెప్పిన గుర్తే అడిగాను. చివరికి ఒక మేస్త్రీ నవ్వి, “పార కర్ర వాసన చూసి తుమ్మా, చండ్రా చెప్పే ముసలాయనేనా? ఆయన ఇప్పుడు పాకలో ఉండాడు” అన్నాడు. జబ్బుపడ్డ వాళ్ళను పెట్టే తాటాకు పాక అది. తాత మట్టి మోసింది కొద్ది రోజులేనట. తర్వాత జ్వరం, విరేచనాలు. కోడలే రెండు తట్టలూ మోసి కూలి తెచ్చేది.

ముందు చాంద్బీకి చెప్పాను. ఆమె ముక్కల్ని ఎండలోకి పట్టి చూసింది. విరిచిన చోట వేలితో రుద్దింది. తర్వాత “ఆయనకి చెప్పండి అన్నా. వచ్చినకాణ్ణుంచి అదే మాట మీద ఉండాడు. మా తాత దొంగా, మా అమ్మ మెళ్ళో దొంగ సొమ్ము ఏసుకునిందా అని జ్వరంలో గూడా అదే” అంది.

నేను చెప్పాను బావా. ఆయన చేతిలో ముక్కలు పెట్టి, జరిగిందంతా, మీరు రాచడం, నేను చూడకపోవడం, నరకడం, అన్నీ చెప్పాను. ఆయన ముక్కల్ని బొటనవేలితో తడిమాడు. వాటిని నా చేతిలోనే తిరిగి పెట్టి నా చెయ్యి మూశాడు.

“నువ్వు శానా మంచోడివి నాయనా. ముసలోడు దిగులుతో పోతాడని నీ ఇంటి వెండి నరికి ఇంత దూరం మోసుకొచ్చినావు” అన్నాడు.

కాదు తాతా, ఇది మీదే అన్నాను. కామాక్షి అమ్మవారి మీద ఒట్టు పెట్టబోయాను. “ఒట్టెయ్యబాక. నా కోసం నీకు ఆ పాపం ఎందుకు?” అని ఆపాడు. సరాబు మాట నమ్మరా అని అడిగాను. దానికి ఆయన చెప్పింది మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “నమ్మినా గదా నాయనా. నువ్వు కాయితం మీద రాసిన మాట నమ్మినా. అప్పుడు నేను నీ కంటి ముందర లేను, నీకు నామీద జాలి లేదు. జాలి లేకుండా చెప్పిందే నిజం. ఇప్పుడు నన్ను చూసినాక చెప్పేది నేనెట్టా నమ్మేది?”

నేను చదివిన చదువంతా వెండి మంచిదో కాదో చెప్పడానికే. ఆ మాటే చెల్లకపోతే నేను ఇక దేనితో రుజువు చెయ్యను?

కాసేపటికి తాతే మళ్ళీ పిలిచాడు. “ఒకటి అడుగుతా, కాదనబాక. చెల్లనిది తెచ్చి మీ ఇద్దుర్నీ పదిమందిలో తలొంచుకునేట్టు చేసినా. మాఫ్ చేసినామని ఒక్క మాట చెప్పు. మాల్యాద్రి పాపం నా మొగం గూడా చూడలేకపోయినాడు ఆ పొద్దు. వాడి తరఫున గూడా నువ్వే చెప్పు” అన్నాడు.

ఆ మాట నా నోటికి రాలేదు. మళ్ళీ మొదటి నుంచి నిజం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని మళ్ళీ అదే అడిగాడు. చాంద్బీ నన్ను పాక బయటికి రమ్మంది. “అన్నా, మీ నిజం ఆయనకి దిగడంలా. నేను నమ్మినా, దాన్ని నేను తీసుకుంటా. ఆయన అడిగింది మాత్రం ఆయనకి ఇచ్చెయ్యండి” అంది. తప్పు చేసింది మేమమ్మా, ఆయన్ని మేం క్షమించేదేంది అన్నాను. “మీకు కష్టంగా ఉంటాదని తెలుసు. అది మీరు మొయ్యండి. ఆయన మోసింది చాలు” అంది. కోపంగా అనలేదు. తట్ట ఎత్తుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళింది.

నేను లోపలికి వెళ్ళాను. తాత చెయ్యి పట్టుకున్నాను. మాఫ్ చేశాను తాతా అన్నాను. మాల్యాద్రి కూడా చేశాడన్నాను. “చాలు నాయనా” అని కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత తన తాత గురించీ అమ్మ గురించీ కలవరించలేదట, చాంద్బీ చెప్పింది.

మీ తరఫున కూడా నేనే చెప్పాను బావా. మనం ఆయన్ని అడగవలసింది మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది.

పెంచలాచారి